కలపకపోతే సగం చెత్త లేనట్టే

ఈ పూట మన ఇంటి చెత్త గురించి మాట్లాడుకుందాం. బందరు అని పిలుచుకునే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వాళ్ళని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. కృష్ణా డెల్టాలో ఏ ఊరివాళ్ళకైనా ఇది పనికొస్తుంది. చెప్పదలచుకున్నది ఒక్కటే మాట, ముందే చెప్పేస్తాను. తడిచెత్తని పొడిచెత్తతో కలపకండి. ఆ ఒక్క పని చేస్తే మన గడప దాటి బయటికి పోయే చెత్త సగానికి సగం తగ్గించుకోవచ్చు. మిగిలిన సగంలో కూడా చాలా భాగం అమ్ముకునే సరుకవుతుంది. ఈ మాట మీరు ఇదివరకే చాలాసార్లు విని ఉంటారు. గోడల మీద చదివి ఉంటారు, చెత్తబండి మైకులో విని ఉంటారు. అయినా అలవాటు కాలేదు. ఎందుకంటే ఇలా చెయ్యండి అని చెప్పినంత గట్టిగా, ఎందుకు చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. కారణం తెలియకుండా పట్టుకున్న అలవాటు నాలుగు రోజులుంటుంది, ఐదో రోజు జారిపోతుంది. అందుకని కారణం దగ్గరే మొదలుపెడదాం.

మనది పల్లపు సీమ. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన కాలవలు మన దగ్గరకొచ్చి ముగుస్తాయి. మనం శివారు వాళ్ళం. సాగునీరు మనకి ఆఖరున అందుతుంది. పైనుంచి వచ్చే మురుగు మాత్రం మన మీదుగానే సముద్రంలోకి దిగాలి. ఆ దిగడం కూడా సులువు కాదు. నేలంతా బల్లపరుపు, వాలు బహు తక్కువ. సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగు కాలవ కదలదు. పాటు వచ్చినప్పుడు ఎంత దిగితే అంతే. ఇలాంటి చోట తూము ముందు గుర్రపుడెక్క పేరుకుంటుంది. దానికి మన కవర్లు, సీసాలు, పాత గుడ్డలు తోడవుతాయి. అన్నీ కలిసి అడ్డుకట్టలా బిగుసుకుంటాయి. అప్పుడు వాన పడితే ఎగువన వరిచేలు రోజుల తరబడి నానతాయి. ఇక తాగునీటి సంగతి చూడండి. మన పల్లెల్లో చాలాచోట్ల భూమిలో నీళ్ళు ఉప్పన. కాలవ నీళ్ళే మంచినీళ్ళ చెరువుకి ఎక్కుతాయి. వేసవిలో కాలవలు కట్టేశాక ఆ చెరువే దిక్కు. అలాంటి కాలవ గట్టునే మనం చెత్త పోస్తున్నాం. మెట్ట సీమలో ఊరి బయట గుట్ట వెనక పోసిన చెత్త చాలావరకు అక్కడే పడి ఉంటుంది. మన దగ్గర పోసిన చెత్త నీళ్ళతో పాటు ప్రయాణం కడుతుంది. పక్క ఊరి చెరువుకి పోతుంది, లేదా నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల వేళ్ళకి చుట్టుకుంటుంది. పారేయడానికి మనకి వేరే చోటంటూ లేదు. ఇది గుర్తుంచుకోండి. మిగతా మాటలన్నీ దీని మీదే నిలబడతాయి.

మరి మన పెద్దవాళ్ళు కూడా ఇదే నేల మీద బతికారు కదా, వాళ్ళకి లేని బాధ మనకెందుకు వచ్చింది? వాళ్ళు మనకంటే శుభ్రమైన మనుషులు కావడం వల్ల అనుకోనక్కర్లేదు. వాళ్ళూ పెరట్లోకి విసిరేశారు, వీధిలోకి ఊడ్చేశారు. కానీ విసిరేసిన ప్రతిదానికీ ఒక గతి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితిలోకి పోయేవి. గేదె తాగేది. పేడ, బూడిద, చిమ్మిన ఆకులు, ఎంగిలి విస్తళ్ళు పెంటపోగు మీదికి చేరేవి. ఏడాదికొకసారి ఎండాకాలంలో ఆ పెంట బండికెత్తి చేలోకి తోలేవాళ్ళు. రైతుకి అది ఎరువు. పెంటపోగు ఎంత పెద్దదైతే ఆ ఇంటికి అంత కలిమి. ఇవాళ మన పారేసే అలవాటు పాతదే. పారేసే వస్తువు మారిపోయింది. ఆ పోగులోకి పాల ప్యాకెట్టు వచ్చింది, షాంపూ పొట్లం వచ్చింది, పగిలిన సీసా వచ్చింది, వాడేసిన బ్లేడు వచ్చింది. ఇప్పుడా పోగుని చేలో వేసుకోమంటే ఏ రైతూ ఒప్పుకోడు. దమ్ములో కాలికి గాజుపెంకు గుచ్చుకుంటుంది, దుక్కిలో కవర్లు పైకి తేలతాయి. పోగులో ఆకులూ తొక్కలూ ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఎరువు కాకుండా పోయింది. ఏం జరిగింది? రెండు కలిసిపోయాయి, అంతే.

ఈ కలవడం దగ్గర కాస్త ఆగుదాం. ఉడికిన పప్పులో కిరసనాయిలు ఒలికిందనుకోండి. ఆ పప్పు తినలేం. ఆ కిరసనాయిలు దీపంలో పోయలేం. విడివిడిగా రెండూ పనికొచ్చేవే. కలిశాక రెండూ పోయాయి. చెత్తబుట్టలో రోజూ జరుగుతున్నది ఇదే. తొక్కలు విడిగా ఉంటే ఎరువు. అట్టముక్క విడిగా ఉంటే కాటాకి పెట్టే సరుకు. నిన్నటి చారు అట్టముక్క మీద ఒలికితే అట్ట నానిపోతుంది, కొనేవాడుండడు. తొక్కల్లో కవరు చిక్కుకుంటే ఎరువు చెడుతుంది. చూశారా, బజారు నుంచి మనం చెత్త కొనుక్కుని రావడం లేదు. బుట్టలో కలిపిన క్షణాన చాలా వస్తువులు చెత్తగా మారుతున్నాయి. ఆ క్షణం మన చేతిలో ఉంది. మున్సిపాలిటీ చేతిలో లేదు, పంచాయతీ చేతిలో లేదు. వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉన్న మనిషి చేతిలో ఉంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. మన దేశంలో చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 200 నుంచి 300 గ్రాముల దాకా చెత్త వస్తుందని అంచనా. పావుకిలో అనుకుందాం. నలుగురున్న ఇంట్లో రోజుకి కిలో. అందులో సుమారు సగం తడిచెత్త. అంటే తొక్కలు, మిగిలిన అన్నం, కూర, టీపొడి, వాడిన పూలు. 2011 జనాభా లెక్కల్లో బందరు జనం దాదాపు లక్షా 70 వేలు. మనిషికి పావుకిలో చొప్పున లెక్క కడితే రోజుకి 40 టన్నుల పైమాట. అందులో సగం, అంటే 20 టన్నులు, ఇంటి దగ్గరే మట్టిగా మారగలిగిన సరుకు. ఆ 20 టన్నుల్ని మనం డీజిలు పోసి బండ్ల మీద తోలించి, పల్లపు నేల మీద గుట్ట పోయిస్తున్నాం. గుట్ట అడుగున గాలి ఆడదు. గాలి లేక కుళ్ళిన తడిచెత్త నుంచి మీథేన్ వాయువు పుడుతుంది. అది అంటుకునే వాయువు. డంపింగ్ యార్డుల్లో మంటలు ఒక పట్టాన ఆరకపోవడానికి అదొక కారణం. వానకి ఆ గుట్ట లోంచి దిగే నల్లటి నీళ్ళు కాలవలోకి పోతాయి. పొడిచెత్త ఒక్కటే అయితే ఈ కంపు, ఈ రసం, ఈ వాయువు ఉండవు. మనం చీదరించుకునేదంతా తడిచెత్త తప్పుచోట కుళ్ళడం వల్ల వచ్చింది. అదే తడిచెత్త సరైన చోట కుళ్ళితే మట్టివాసన వస్తుంది.

సరైన చోటంటే ఏమిటి? ఇక్కడ మన డెల్టా సంగతి మళ్ళీ గుర్తు చేసుకోవాలి. చాలామంది పెరట్లో గొయ్యి తవ్వి చెత్త వెయ్యమంటారు. మెట్ట ఊళ్ళకి అది సరే. మన దగ్గర వానాకాలంలో రెండడుగులు తవ్వితే చాలాచోట్ల నీళ్ళు ఊరతాయి. నీళ్ళలో మునిగిన చెత్త ఎరువు కాదు, మురుగవుతుంది. ఆ కంపు భరించలేక, ఇది మనవల్ల కాదని వదిలేస్తారు. అందుకని మనకి గొయ్యి వద్దు. నేల మీద, వీలైతే నేలకి ఎత్తున, కుండ పెట్టుకోవాలి. పాత మట్టికుండ గానీ, పగుళ్ళిచ్చిన ప్లాస్టిక్ బకెట్టు గానీ చాలు. అడుగున, చుట్టూ, వేలు పట్టీ పట్టనంత కన్నాలు పెట్టండి. గాలి ఆడడానికి, తేమ దిగడానికి. రెండు ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున నాలుగు వేళ్ళ మందాన కొబ్బరి పీచు పరవండి. ఆ పైన రోజూ వచ్చే తొక్కలు, టీపొడి, పూలు వెయ్యండి. పెద్దవైతే కత్తిపీట మీద ముక్కలు చెయ్యండి. వేసిన ప్రతిసారీ పైన పొడి సరుకు కప్పండి. ఎండుటాకులు గానీ, తుంచిన ఎండుగడ్డి గానీ, రంపపు పొట్టు గానీ, కొంచెం ఊక గానీ. తడి ఒక గుప్పెడైతే పొడి రెండు గుప్పెళ్ళు. ఈ కొలత గుర్తుంచుకోండి. తడి ఒకటి, పొడి రెండు. మొదట్లో గుప్పెడు పేడో, పుల్లమజ్జిగో చల్లితే పని త్వరగా అందుకుంటుంది. పైన మూత పెట్టండి. వాన నీళ్ళు పడకూడదు.

మూడు నాలుగు రోజులకొకసారి కర్రతో కలియబెట్టండి. పిడికెడు తీసి పిండి చూడండి. ఉండ కట్టాలి గానీ వేళ్ళ సందున నీళ్ళు కారకూడదు. నీళ్ళు కారితే పొడి ఆకులు ఇంకా వెయ్యాలి. ఉండ కట్టకుండా రాలిపోతే కాసిని నీళ్ళు చిలకరించాలి. అంతకు మించి ఇందులో విద్యేమీ లేదు. కుండ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. రెండు మూడు నెలల్లో మొదటి కుండలో నల్లటి, పొడిపొడి ఎరువు మిగులుతుంది. కుండెడు చెత్త అరకుండ కంటే తగ్గిపోతుంది. మన నల్లమట్టి ఎండితే పగుళ్ళిస్తుంది, తడిస్తే జిగురు పడుతుంది. ఈ ఎరువు కలిపితే మట్టి గుల్లబారుతుంది. చౌడు తగిలిన పెరట్లో కూడా బంతి మొక్క, వంగమొక్క కోలుకుంటాయి. మేడ మీద ఉండేవాళ్ళకి బాల్కనీలో ఒక కుండకి చోటుంటే చాలు. అదీ లేకపోతే తడిచెత్తని విడిగా ఉంచి విడిగానే చెత్తబండికివ్వండి. కుండ పెట్టలేకపోవచ్చు. కలపకుండా ఉండడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ఇక్కడ బందరువాళ్ళు ఒక మాట అడుగుతారు. తొక్కలంటే సరే, చేపల పొలుసు, రొయ్యల తలకాయలు ఏం చెయ్యాలి? న్యాయమైన ప్రశ్న. సముద్రం ఒడ్డున ఉండి నీచు మానుకోమని ఎవరూ చెప్పరు. నీచు కుండలో వేస్తే వాసన కొడుతుంది, పిల్లులూ ఎలుకలూ చేరతాయి. కాబట్టి దాన్ని కుండలో వెయ్యకండి. పెరడుంటే కొబ్బరిచెట్టు మొదట్లో, కాస్త మెరక మీద, మూరెడు లోతున పాతిపెట్టండి. పైన మట్టి కప్పి ఒక రాయి పెట్టండి, కుక్కలు తవ్వకుండా. రొయ్య పొట్టులో సున్నం ఉంటుంది, నత్రజని ఉంటుంది. చెట్టుకి మంచి బలం. పెరడు లేకపోతే బజార్లోనే చేప కోయించుకుని, బాగు చేయించుకుని, ఇంటి నుంచి తీసుకెళ్ళిన స్టీలు డబ్బాలో తెచ్చుకోండి. పొలుసూ పేగులూ అక్కడే ఒకచోట ఉండిపోతాయి. వంద ఇళ్ళలో వంద కవర్లలో కుళ్ళే బదులు ఒకచోట పోగుపడితే దాన్ని ఎత్తడం తేలిక, ఎరువుకి వాడడం కూడా తేలిక. ఇంట్లో బాగు చేసుకోక తప్పకపోతే కాగితంలో చుట్టి, తడిచెత్తతో పాటు ఇవ్వండి. కవరులో మూట కట్టి వీధిలో మాత్రం పారేయకండి. ఆ ముడి చాలా ప్రమాదం. లోపల తిండి ఉందని ఆవుకి వాసన తెలుస్తుంది. ముడి విప్పడం దానికి చేతకాదు. కవరుతో సహా మింగుతుంది. ఆ కవరు దాని కడుపులోనే ఉండిపోతుంది.

తడి విడిపోయాక పొడిచెత్త సంగతి చాలా తేలిక. అది కుళ్ళదు, వాసన రాదు. రోజూ పారేయాల్సిన తొందర ఉండదు. ఒక గోనెసంచిలో వేసి మూల పెట్టండి. నెల తర్వాత చూసుకోవచ్చు. పేపర్లు, అట్టలు, సీసాలు, డబ్బాలు, పాల ప్యాకెట్లు పాత సామాన్లవాళ్ళు కాటా వేసి తీసుకుంటారు. ఒక్క షరతు, శుభ్రంగా, పొడిగా ఉండాలి. పాల ప్యాకెట్టునే చూడండి. పొద్దున్నే మనం మూల కత్తిరిస్తాం. ఆ చిన్న ముక్క కింద పడుతుంది, చీపురుకి తగులుతుంది, తూములోంచి కాలవకి పోతుంది. అంత చిన్న ముక్కని ఎవరూ ఏరరు. మూల పూర్తిగా తెగకుండా, కొంచెం పట్టు ఉంచి కత్తిరిస్తే ముక్క ప్యాకెట్టుకే అంటుకుని ఉంటుంది. పాలు పోశాక గుక్కెడు నీళ్ళు పోసి తొలిచి, ఆ నీళ్ళు కూడా గిన్నెలోనే పోసుకుని, ప్యాకెట్టు తీగ మీద ఆరెయ్యండి. నిమిషం కూడా పట్టని పని. ఏడాది తిరిగేసరికి వందల ప్యాకెట్లు కాలవలో పడకుండా కాటాకి చేరతాయి. ఇక శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, బ్లేడ్లు, కాలం చెల్లిన మందులు, పాత బ్యాటరీలు, బల్బులు. ఇవి మూడో రకం. వీటిని విడిగా కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి ఇవ్వాలి. చెత్త ఎత్తే మనిషికీ చేతులుంటాయి. పగిలిన బల్బు ఆ చేతికి గుచ్చుకునేది మనం కలిపినందువల్లే. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెత్తని ఇంటి దగ్గరే మూడుగా విడదీయమన్నాయి. ఆరుబయట కాల్చవద్దన్నాయి. కాల్చేస్తే పోతుంది కదా అనుకుంటాం. ప్లాస్టిక్ కాలితే మాయమైపోదు. విషపు పొగై పక్కింటి పసిపిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

విడదీయడం మొదలుపెట్టిన ఇంట్లో ఇంకో మార్పు దానంతటదే వస్తుంది. పొడిచెత్త గోనెసంచి కళ్ళ ముందుంటుంది కాబట్టి, అందులో ఏం నిండుతోందో కనిపిస్తుంది. కలిపి పారేసినంతకాలం అది కనపడదు. సంచిలో పనికిరానివన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో గమనించండి. కర్రీ పాయింటు నుంచి కూరకొక కవరు, సాంబారుకొక కవరు, పెరుగుకొక కవరు. అన్నీ జిడ్డు కవర్లు. వాటిని కాటాకి తీసుకోరు. టీ పార్సిలు కవరూ అంతే. వేడివేడి సాంబారు పల్చటి కవర్లో పోయించుకోవడం ఒంటికీ మంచిది కాదు. దీనికి మందు మనింట్లోనే ఉంది. స్టీలు క్యారియరు. దాన్ని అటక మీంచి దించి, బండికి తగిలించుకుని వెళ్తే చాలు. కూరగాయలకి గుడ్డసంచి. కలంకారీ గుడ్డకి పేరున్న పెడన పక్కనే ఉంది, పాత చీరా పాత లుంగీ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, మనం సంచికి వెతుక్కోనక్కర్లేదు. మరచిపోతామంటే సంచి బండి డిక్కీలోనే ఉంచండి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు, చెంచాల మీద నిషేధం ఉంది. అయినా మన శుభకార్యాల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. దివిసీమ లంకల్లో అరటి తోటలున్నాయి. అరిటాకు భోజనం అయ్యాక ఆకూ ఎంగిలీ కలిసే ఎరువవుతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న బఫే ప్లేటులో అన్నం మిగిలితే అన్నమూ ఎరువు కాదు, ప్లేటూ సరుకు కాదు. మళ్ళీ అదే మాట. కలిసి చెడ్డాయి.

ఇప్పుడు దీనికి ఎదురు మాటలు విందాం. మొదటి మాట ఇది. చెత్త ఎత్తడం మున్సిపాలిటీ పని, మాకెందుకు? నిజమే, ఎత్తడం వాళ్ళ పనే. ఆ బాధ్యత నుంచి వాళ్ళని ఎవరూ తప్పించకూడదు. 2024 అక్టోబరు 2న చెత్తపన్ను రద్దు ప్రకటన వెలువడింది మన బందరులోనే. పన్ను పోయింది, చెత్త పోలేదు. రాష్ట్రంలో గుట్టలుగా పేరుకున్న చెత్త 85 లక్షల టన్నులని ముఖ్యమంత్రి చెప్పిందీ అదే రోజు. అలాంటి పాత గుట్టల్ని ఎలా వదిలిస్తారో తెలుసా? యంత్రాలతో తవ్వి, జల్లెడల్లో జల్లిస్తారు. మట్టి ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు, రాళ్ళు ఒకవైపు. మనం ఇంట్లో ఒక్క క్షణంలో కలిపినదాన్ని ఏళ్ళ తర్వాత ప్రజాధనం పోసి విడదీస్తున్నారన్నమాట. అప్పటికి ఆ ప్లాస్టిక్ మట్టికొట్టుకుని ఉంటుంది. మంచి ధర పలకదు. పన్ను పేరుతో తీసుకున్నా, ఖజానా లోంచి తీసినా, ఆ డబ్బు మనదే. మున్సిపాలిటీ చెత్తని మోయగలదు. కలిసినదాన్ని కలవనట్టు చెయ్యలేదు.

రెండో మాట దీనికంటే గట్టిది. మేం విడదీసి ఇస్తాం, బండిలో మళ్ళీ కలిపేస్తారు, ఇక లాభమేంటి? ఇది చాలామందికి మనసు విరిచిన అనుభవం. దీన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. కలిపేస్తుంటే అడగాలి, వార్డు కార్యాలయంలో చెప్పాలి. అయితే ఒక సంగతి ఆలోచించండి. తడిచెత్త మీ కుండలోనే ఉండిపోతే బండిలో కలపడానికి అదసలు ఉండదు కదా. పొడి సరుకు పాత సామాన్ల కొట్టుకి పోతే అదీ బండెక్కదు. బండికి మిగిలేది గుప్పెడు. నేను కుండ గురించి అంత వివరంగా చెప్పింది అందుకే. ఈ అలవాటు ఎవరి దయ మీదా ఆధారపడదు. బండి వచ్చినా రాకపోయినా, కలిపినా కలపకపోయినా, మీ ఇంట్లో సగం చెత్త ఆగిపోయినట్టే. మూడో మాట. ప్లాస్టిక్ తయారుచేసే కంపెనీల్ని ఆపకుండా మమ్మల్ని అంటారేం? అందులో సగం నిజముంది. పొట్లాల్లో అమ్మే కంపెనీలు ఆ పొట్లాల్ని వెనక్కి సేకరించాలని మన చట్టం చెబుతోంది. అది గట్టిగా అమలు కావాలని కోరడం మన హక్కు. కానీ వంటింటి తొక్కలు ఏ కంపెనీవీ కావు. చెత్తలో సగభాగానికి జవాబు మనమే చెప్పాలి. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకుంటూ కూర్చుంటే తూము దగ్గర అడ్డు తొలగదు.

నాలుగో మాట పైకి వినపడదు. కానీ అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ కడగడం, ఆరెయ్యడం, విడదీయడం ఎవరు చేస్తారు? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. ఇప్పటికే వాళ్ళకి పొద్దు చాలదు. ఇంకో పని నెత్తిన పెడితే అది పదిరోజుల్లో ఆగిపోతుంది. ఆగిపోవడంలో తప్పు కూడా లేదు. కాబట్టి ఇంట్లో మగవాళ్ళకి నా విన్నపం. కుండ కలియబెట్టే పని మీరు తీసుకోండి. నెలకొకసారి గోనెసంచి కాటాకి వేసుకెళ్ళండి. కూర తెచ్చేది మీరైతే క్యారియరు పట్టుకెళ్ళడమూ, వచ్చాక కడగడమూ మీ పనే. పిల్లలకి ప్యాకెట్లు ఆరేసే పని అప్పజెప్పండి. వేసే చెయ్యే విడదీయాలి. అరటిపండు తిన్నవాడు తొక్కని కుండలో వేస్తే ఇక విడదీయడమనే పనే ఉండదు. ఒకరు కలపడం, ఇంకొకరు ఏరడం ఉన్నచోటే అది చాకిరీ అవుతుంది.

మన దగ్గర ఇలాంటివి ఆరంభశూరత్వంగా ముగుస్తాయని ఎవరైనా అంటే, చల్లపల్లి వైపు చూడమనండి. 2014 నవంబరులో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు మొదలుపెట్టిన స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం ఏళ్ళ తరబడి నడుస్తూ వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకే కార్యకర్తలు వీధుల్లోకి వచ్చి ఊడ్చారు, మురుగు తీశారు, రోడ్ల పక్కన పూలమొక్కలు పెంచారు. దివిసీమ వాకిట్లో, మనలాంటి మనుషులే చేశారు. పట్టుదల మనకి లేదనే మాటకి అదే జవాబు. అయితే ఆ శ్రమ ఇంకో సంగతి కూడా చెబుతుంది. పది చేతులు ఊడుస్తుంటే వెయ్యి చేతులు విసిరేస్తే, మర్నాడు మళ్ళీ అదే చీపురు, అదే వీధి. ఊడ్చే చేతుల రుణం తీర్చుకోవడానికి చప్పట్లు చాలవు. మన ఇంట్లోంచి వీధిలోకి వెళ్ళేదాన్ని ఆపాలి. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. నెలకొక రోజు వీధి శుభ్రం చెయ్యడం మంచిదే. మిగతా రోజుల్లో వంటింట్లో ఏం జరుగుతుందన్న దాని మీదే ఆ రోజు ఫలితం నిలుస్తుంది.

శ్రోతలూ, ఇంతసేపు చెప్పినదాన్ని ఒకసారి మననం చేసుకుందాం. మనది పల్లపు సీమ, పారేయడానికి వేరే చోటు లేదు. చెత్తలో సగం తడి. అది ఇంటి దగ్గరే మట్టి కాగలదు. తడి కలవకపోతే మిగతా సగంలో చాలా భాగం సరుకు కాగలదు. గొయ్యి వద్దు, ఇటుకల మీద కుండ ముద్దు. తడి ఒక గుప్పెడు, పొడి రెండు గుప్పెళ్ళు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం ఒక్క పని చెయ్యండి. వంటింట్లో రెండో బుట్ట పెట్టండి. తడి ఒకదాంట్లో, పొడి ఒకదాంట్లో. వారం తర్వాత రెండు బుట్టల్నీ పక్కపక్కన పెట్టి ఇంటిల్లిపాదీ చూడండి. ఏది ఎరువవుతుందో, ఏది కాటాకి పోతుందో, అసలు కొనకుండా ఉండగలిగింది ఏదో మీకే తెలుస్తుంది. రెండో వారం కుండ పెట్టుకోండి. మూడో వారం క్యారియరు దించండి. ఇంటికి రోజుకి అరకిలో చొప్పున తగ్గితే, బందరు, గుడివాడ కలిపి రోజుకి 30 టన్నులకి పైగా చెత్త బండెక్కకుండా, కాలవలో పడకుండా ఆగిపోతుంది. అంత పని మన చేతిలో ఉంది. రేపు పొద్దున పాల ప్యాకెట్టు దగ్గరే మొదలుపెడదాం.